మెతుకుతో అంటించిన కవరు

నా చిన్నప్పుడు మేము చిక్కడపల్లిలో ఒక ఇంటి వెనక వాటాలో అద్దెకుండేవాళ్ళం. నాన్నగారి ఉద్యోగం కోసం గుంటూరు వైపు నుంచి వచ్చినవాళ్ళం. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమం రోజులవి, నెలల తరబడి బళ్ళు మూతపడ్డాయి. నాకేమో బడి చదువులో అదే ఆఖరి ఏడు. నారాయణగూడలో నేను చేరాలనుకున్న కాలేజీ వాళ్ళు సొంతంగా ప్రవేశ పరీక్ష పెట్టి సీట్లిచ్చేవారు. బడే లేకపోతే వీడేం రాస్తాడని ఇంట్లో ఒకటే బెంగ.

ముందు వాటాలో ఉండే ఇంటివాళ్ళ అమ్మాయిని అక్కా అని పిలిచేవాణ్ణి. బీఎస్సీ చదువుతోంది, టీచరు కావాలని ఆమె ఆశ. తన మొదటి విద్యార్థిని నేనే. ప్రతి ఆదివారం నమూనా పరీక్ష రాయమంది. పాఠాలు సగమైనా కాలేదు, అన్నీ అయ్యాక రాస్తానని నసిగాను.

"అన్నీ అయినంక రాస్తే ఏం ఫాయిదా తమ్మీ? ఏది రాదో ఇప్పుడే తెల్వాలె," అంది.

శనివారం సాయంత్రం ప్రశ్నలు రాసి, కవరులో పెట్టి, అన్నం మెతుకుతో అంటించి మా అమ్మ చేతికిచ్చేది. అమ్మ దాన్ని దేవుడి గూట్లో ఉంచేది. మొదటిసారి నాకు ముప్పై మార్కులొచ్చాయి. అక్క కోప్పడలేదు, రానివన్నీ వారమంతా ఓపిగ్గా చెప్పింది. నాకే తల కొట్టేసినట్టయింది. నాలుగో శనివారం, మెతుకు ఆరకముందే కవరు విప్పి చూసి, మళ్ళీ మెతుకుతోనే అంటించాను. అన్నీ త్రికోణమితి లెక్కలు. పుస్తకంలో వెతికి ఆ జవాబులే బట్టీపట్టాను.

తొంభై ఆరు! అక్క సంబరం ఇంతా అంతా కాదు. తన కలం నాకిచ్చేసింది. త్రికోణమితి వచ్చేసిందనుకుని, ఇక పరీక్షలు చాలని ఆపేసింది.

అసలు పరీక్షలో పెద్ద లెక్కలన్నీ త్రికోణమితివే. నాకు సీటు రాలేదు. ఆ సాయంత్రం అక్క మా వంటగది గుమ్మం దగ్గర నిలబడి, "తప్పు నాదే చిన్నమ్మా. తయారైండనుకున్న. జర ఇంకొన్ని పరీక్షలు పెట్టాల్సుండె," అని కళ్ళు తుడుచుకుంది. నేను అక్కడే, పీట మీద కూర్చుని అన్నం తింటున్నాను. నోరు మెదపలేదు. ఎంత పిరికివాణ్ణో!

మరుసటి ఏడు వేరే కాలేజీలో చేరాను. అక్క మాత్రం మళ్ళీ ఎవరికీ పాఠం చెప్పలేదు. "నాకు చెప్పొస్తలేదు," అని టైపు నేర్చుకుని ఆఫీసులో చేరింది. ఇంకో ఏడేళ్ళు అదే ఇంట్లో ఉన్నాం. రోజూ ఎదురుపడేది. ఒక్కనాడూ నిజం చెప్పలేకపోయాను.

ఇప్పుడు మా మనవరాలు నమూనా ప్రవేశ పరీక్ష ఎప్పుడు రాయాలని అడిగితే, పాఠాలు సగంలో ఉండగానే రాయి, తక్కువ మార్కులొచ్చిన కాగితమే ముందు నాకు చూపించు అంటాను. ఈ మాట నీకెవరు చెప్పారు తాతయ్యా అని అడిగింది మొన్న. మా టీచరుగారు అన్నాను. ఆ పేరుతో ఆమెను ఒక్కసారైనా పిలిచి ఉండాల్సింది.