కనుమ దాటిన బొంత

ఒకరికి ఇవ్వాలనుకున్న వస్తువును ముందు మనం వాడకూడదని మా జేజి అనేది. జేజి అంటే మా నాయన తల్లి. దేవుడికి పెట్టే పువ్వును వాసన చూడకూడదు, నైవేద్యాన్ని రుచి చూడకూడదు, దానమిచ్చే గుడ్డను ఒంటిమీద వేసుకోకూడదు. ఆమె దృష్టిలో ఈ మూడూ ఒకటే.

కోయిలకుంట్ల దగ్గర మా ఊళ్ళో మా ఇంటిని పెద్దమిద్దె అనేవారు. చలికాలం వచ్చిందంటే వసారాలో గొంగళ్ళు నిలువెత్తు పేర్చి ఉండేవి. గొర్రెల కాపరులకు, చేలలో కాపలా పడుకునేవాళ్ళకు జేజి తన చేత్తో ఇచ్చేది. చిన్నప్పుడు ఒక తెల్లవారుజామున చలికి తాళలేక ఆ కుప్పలోంచి ఒక గొంగడి లాగి కప్పుకున్నాను. జేజి దాన్ని నా మీదనుంచి తీసేసి, మడిచి, విడిగా పెట్టింది. ఆ ఏడు దాన్ని ఎవరికీ ఇవ్వలేదు. తర్వాత నన్ను తన కొంగులోకి లాక్కుంది. ఎర్ర అంచున్న ముతక నూలు చీర అది. ఆ వెచ్చదనం ముందు గొంగడి ఎందుకూ పనికిరాదు.

ఇప్పుడు ఆ మిద్దె మాది కాదు. పొలాల్లో కొంత వ్యాజ్యాలకు పోయింది, మిగిలింది నీళ్ళు పడని బోర్లకు పోయింది. పట్టుచీరలు జరీ కరిగించేవాళ్ళ పాలయ్యాయి. నా వాటాకు ఒక ట్రంకుపెట్టె వచ్చింది, దాన్నిండా ఎవరూ కొనని నూలు చీరలు. నేను కడపలో హైస్కూల్లో పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ఎవరి ముందూ చెయ్యి చాచకుండా బతికాను. ఇప్పటికీ కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చోవడం నాకు చేతకాదు. మా అన్న భార్య, రాయచోటిలో బట్టల కొట్టు నడిపే మా వదిన, దాన్ని చూసి నవ్వుతుంది. "నీ వీపు పక్కన దారం వేలాడదీస్తే మేస్త్రీ గోడ కట్టుకోవచ్చు మే," అంటుంది.

మా కాలనీలో పొద్దున్నే నడిచే ఆడవాళ్ళ గుంపు ఒకటి ఉంది. అందులో ఒక డాక్టరమ్మ హిమాలయాల్లో కొండనడక సంగతి తెచ్చింది. రెండు కొండల నడుమ ఎత్తయిన కనుమ దాటి, అవతల చివరి ఊరికి నడిచి వెళ్ళాలి. మంచు పడితే ఆ ఊరికి దారి మూసుకుపోతుంది. అక్కడ కాన్పులకు ఒక చిన్న ఇల్లు కట్టి, ఒక నర్సును పెట్టి నడుపుతున్నారు. నడిచేవాళ్ళు కట్టే డబ్బుతోనే అది నడుస్తుంది. ఇష్టమైనవాళ్ళు తల్లీబిడ్డలకు పనికొచ్చే వెచ్చటి గుడ్డ ఏదైనా తేవచ్చన్నారు.

నేను ఆ సాయంత్రమే ట్రంకుపెట్టె తెరిచాను. వదిన రాయచోటినుంచి వచ్చింది. ఇద్దరం మేడమీద చీరలు పరిచి, పొర మీద పొర వేసి, పొడుగు సూదితో బొంత కుట్టాం. పై పొరకు మధ్యలో జేజి ఎర్ర అంచు చీర వేశాను. కుడుతున్నన్నాళ్ళూ వదిన దాన్ని ఒళ్ళో వేసుకుందామని చూసేది, నేను చాప మీదే ఉంచమనేదాన్ని.

"ఇదేం మడి మే," అంది వదిన. "ఒళ్ళో ఏసుకోకుండా బొంత కుట్టేవాళ్ళను యాడన్నా చూసినావా?"

"ఇచ్చే వస్తువు వదినా."

"సరేలే దొరసానీ."

బొంతలు, కంబళ్ళు కంచరగాడిద మీద వేసి పంపవచ్చని డాక్టరమ్మ చెప్పింది. నేను ఒప్పుకోలేదు. మా ఇంటినుంచి వెళ్ళే వస్తువు మా చేతి మీదుగా వెళ్ళాలి. దాన్ని నేనే మోసుకెళ్ళి, శుభ్రంగా, మడత చెడకుండా ఆ నర్సు చేతిలో పెడతాను. ఈ మాట నలుగురిలో అనేశాను. ఇక వెనక్కి తీసుకోవడం నా వల్ల కాదు.

వదిన కూడా నడకకు వస్తానంది. అలవాటు కోసం వారం వారం అహోబిలం పోయి, ఎగువ గుడి దాటి, ఉగ్రస్తంభం దారిలో రాళ్ళు పట్టుకుని ఎక్కాం. నా వీపున సంచి, సంచిలో బొంత. ఎండ మాడ్చేస్తోంది. నంద్యాల వైపు నుంచి వచ్చిన భక్తుడొకాయన నా మూట చూసి ఆగాడు.

"ఏమ్మా, పరుపు ఎత్తుకొని వచ్చినారే. కొండ మీదనే కాపురం పెడ్తారా ఏంది?"

నాకంటే ముందు వదిన అందుకుంది. "అవునప్పా. మా ఆడబిడ్డ ఇంట్లో అలిగి వచ్చేసినాది. మంచి గుహ యాడన్నా కాళీ ఉంటే చెప్పు, చేరిపోతాం."

ఆయన చాలా గంభీరంగా, పై గుహలో గబ్బిలాలు ఉన్నాయని, కింది గుహ అయితే గాలి బాగా ఆడుతుందని చెప్పి వెళ్ళాడు. వదిన రాయి మీద కూలబడి నవ్వింది. నేను నిటారుగానే నిలబడ్డాను కానీ, సంచి మాత్రం నవ్వుకు ఊగిపోయింది.

ఆగస్టులో గుంపంతా బయలుదేరాం. కొండ మొదట్లో మాకు దారి చూపే అమ్మాయి కలిసింది. కనుమ అవతలి ఊరే ఆమెది. ఆమె అక్క నిండు నెలల్లో ఉంది, ఆ కాన్పుల ఇంటికే రావలసి ఉంది. మమ్మల్ని చూసి ఆ అమ్మాయి "మాతాజీ" అంది.

"మాతాజీ అంట," అని వదిన నాతో గొణిగింది. "కాషాయం కట్టించేసినాది, చూస్తివా?"

తర్వాత రాయచోటి బజారులో నేర్చిన ఉర్దూలో ఆమెతో బేరమాడి "దీదీ" దగ్గర ఖాయం చేసుకుంది. వదిన ఉర్దూకు వ్యాకరణం లేదు. కానీ కొట్టుకు వచ్చే ముస్లిం ఆడవాళ్ళతో ఇరవైయేళ్ళు మాట్లాడిన నోరు అది. ఆ కొండల్లో టీ అమ్మేవాళ్ళనుంచి కంచరగాడిదలు తోలేవాళ్ళ వరకు అందరూ రెండో రోజుకే ఆమెకు చుట్టాలైపోయారు.

నడక మొదలుపెట్టాక నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. అడుగు వేస్తే నీళ్ళు. రాతి సందులోంచి నీళ్ళు, గడ్డి కిందనుంచి నీళ్ళు, ఎవరూ తోడకుండానే దారికి అడ్డంగా పారే నీళ్ళు. బోర్లలో దుమ్ము లేవడం చూసిన మాకు ఆ చప్పుడే పండగ. వదిన ప్రతి వాగు దగ్గరా ఆగి చెయ్యి పెట్టేది. "ఇంత నీళ్ళుండి ఒక్కడూ వరి ఎయ్యలేదే," అని బాధపడేది. గాలి పలచబడుతున్న కొద్దీ మాటకూ మాటకూ మధ్య ఊపిరి తీసుకోవలసి వచ్చింది. వదిన మాటలు తగ్గించలేదు, విడతలుగా మాట్లాడింది.

కనుమకు ముందరి మజిలీలో తప్పు చేశాను. పొద్దున మబ్బు కమ్ముతోందని, అందరూ తమ తమ నిద్రసంచులను వాన తగలకుండా ప్లాస్టిక్ తొడుగులో పెట్టుకోమని ఆ అమ్మాయి చెప్పింది. నా తొడుగులో బొంత ఉంది. రెండూ పట్టవు. నేను బొంతను ఉంచి, నా నిద్రసంచిని పైన తాడుతో కట్టుకున్నాను. మధ్యాహ్నం దాటాక వడగళ్ళు మొదలయ్యాయి. శనగగింజలంత వడగళ్ళు, వెంటనే వాన. గుడారానికి చేరేసరికి నా నిద్రసంచి పిండితే కారేలా ఉంది. ఒంటిమీద గుడ్డలూ తడిసిపోయాయి. వదిన తనవి ఇచ్చింది, మార్చుకున్నాను. అయినా వణుకు ఆగలేదు. బొంత మాత్రం పొడిగా, మడత చెదరకుండా నా మోకాళ్ళ పక్కన ఉంది.

అమ్మాయి లోపలికి వచ్చి చలికి నీలిబడిన నా గోళ్ళు చూసింది. కప్పుకోవడానికి పొడిది ఏముందని అడిగింది. నేను లేదన్నాను. ఆమె బొంతను చూసింది.

"అది ఇవ్వడానికి తెచ్చింది," అన్నాను.

ఆమె నెమ్మదిగానే చెప్పింది. "దీదీ, ఇలా వణుకుతూ ఉంటే రేపు నిన్ను కనుమ ఎక్కించలేను. అది కప్పుకుని వెచ్చబడు. లేదంటే వెలుగు ఉండగానే కంచరగాడిద మీద కిందికి పంపించేస్తాను. బొంత మేము తీసుకెళ్తాం."

కిందికి పోతే బొంత నా చేతి మీదుగా చేరదు. కప్పుకుంటే అది ఇవ్వదగిన వస్తువు కాకుండా పోతుంది. రెండూ కుదరవని కూర్చున్నాను, వీపు నిటారుగా, పళ్ళు టకటక కొట్టుకుంటూ.

వదిన నా దగ్గరికి జరిగి కూర్చుంది.

"మే, ఒకటి అడుగుతా చెప్పు. మన ఇండ్లల్లో పురిటిబిడ్డకు ఏం గుడ్డ ఏస్తారు? కొత్తదా?"

"పాత చీర."

"ఎందుకు పాతది?"

"మెత్తగా ఉంటుందని."

"మెత్తగ ఎట్లయితాది? ఎవరో ఒకరు కట్టింటేనే గదా. నువ్వు పుట్టినప్పుడు నిన్ను దేంట్లో చుట్టినారు, దుకానంలోంచి తెచ్చిన తానులోనా? మీ జేజి చీర చించి చుట్టినారు. మీ అమ్మే చెప్పింది నాకు. అది కాపరికిచ్చే గొంగడి గాదు మే, పసిబిడ్డకేసే గుడ్డ. ఎవురూ కప్పుకోని బొంత బిడ్డకు గుచ్చుకుంటాది. నీ మడి తగలెయ్యా, పండుకో ఇంక."

నేను ఏదో అనబోయాను. వదిన ఆగలేదు. మడత విప్పి నా మీద వేసింది. తను ఒక పక్క దూరింది. ఎదురుగా నిలబడి ఏమీ అర్థంకాక చూస్తున్న అమ్మాయిని "ఆ బేటీ, తూ భీ ఆ," అని, నువ్వూ రమ్మని రెండో పక్కకు లాగింది. ముగ్గురం ఒక బొంత కింద చేరాం. ఎర్ర అంచు సరిగ్గా నా గడ్డం కిందికి వచ్చింది. కళ్ళు మూసుకుంటే మిద్దె వసారా కనిపించింది. ఆ తెల్లవారుజామున నన్ను లాక్కున్న కొంగే ఇది. బయట వడగళ్ళు గుడారాన్ని కొడుతున్నాయి. నాకు మెల్లగా పాదాలు తెలిశాయి, తర్వాత వేళ్ళు.

వదిన చీర ముక్కలను ఒక్కొక్కటే వేలు పెట్టి చూపించడం మొదలుపెట్టింది. ఈ పచ్చది తన అత్త, అంటే మా అమ్మ, కట్టుకుని అల్లం పచ్చడి ఒంటిమీద పోసుకున్నది. ఈ చుక్కలది పెద్దమ్మ కట్టి ఎద్దులబండి మీదనుంచి జారిపడింది. ఈ నీలిది ఎవరిదో తెలియదు కానీ, ఇది కట్టినామె మహా పిసినారి, అంచు రెండుసార్లు తిప్పి కుట్టింది. ఇదంతా రాయచోటి ఉర్దూలో. అమ్మాయి నవ్వి నవ్వి దగ్గింది. "మా అక్క కంటే ముందు నేనే కప్పుకున్నాను," అని చెప్పి మళ్ళీ నవ్వింది. నేనూ నవ్వాను. ఎప్పుడు వణుకు ఆగిందో గమనించలేదు.

మరునాడు ఆకాశం కడిగిన పలకలా ఉంది. అమ్మాయి నా గోళ్ళు మళ్ళీ చూసి తల ఊపింది. బొంతను నేనే మడిచి, నేనే వీపున వేసుకున్నాను. పది అడుగులకొకసారి నిలబడుతూ ఎక్కాం. కనుమ మీద రంగుల జెండాలు గాలికి పటపటలాడుతున్నాయి. అవతలికి చూశాను. వచ్చిన పచ్చదనం అంతా వెనక్కి పోయింది. ముందు చెట్టన్నది లేదు. ఎర్రమట్టి, గోధుమరంగు కొండలు, పొరలు పొరలుగా బండ, ఎండ.

వదిన నడుము మీద చేతులు పెట్టుకుని చూసింది.

"ఇంత దూరమొచ్చి, ఇంత ఎగశ్వాస పడి, మళ్ళా మన కడప పక్క ముద్దనూరు రాళ్ళకే వచ్చినామేంది మే?"

ఆ మాటకు నా వీపు మొదటిసారి వంగింది. మోకాళ్ళు పట్టుకుని నవ్వాను.

కాన్పుల ఇంటికి ఆ మర్నాడు చేరాం, రెండే గదులు. ముందు ఎండలో అమ్మాయి అక్క పీట మీద కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది. అక్కాచెల్లెళ్ళు కావలించుకోవడానికి మధ్యలో పొట్ట అడ్డమొచ్చింది. నర్సు వచ్చింది. నేను బొంత తీసి రెండు చేతులతో అందించాను. తెచ్చేముందు ఉతికారా అని అడిగింది.

"ఉతికే తెచ్చాం," అన్నాను. దాచిపెట్టి ఇవ్వడం నాకు చేతకాదు. "కానీ మొన్న సాయంత్రం మేము ముగ్గురం కప్పుకున్నాం."

"వెచ్చగా ఉందా?"

"ఉంది."

"అయితే చాలు," అని ఆమె దాన్ని నేరుగా ఆ పీట మీది మనిషి భుజాల చుట్టూ వేసింది. ఆమె ఎర్ర అంచును బొటనవేలితో నిమిరి చూసుకుంది. మళ్ళీ బఠాణీలు ఒలవసాగింది. దోసెడు గింజలు నా కొంగులో పోసింది. పచ్చివే నమిలాం, బెల్లంలా ఉన్నాయి.

కడపకు తిరిగొచ్చిన కొన్నాళ్ళకు ఆ అమ్మాయి ఫోన్‌లో ఫోటో పంపింది. బొంతలో ఒక ముఖం, ముడుచుకున్న గుప్పిలి. ఆడపిల్ల. వదిన ఆ ఫోటోను కొట్టుకు వచ్చే ప్రతి మనిషికీ మా మనవరాలని చూపిస్తోందట.

ట్రంకుపెట్టెలో ఇంకా చీరలున్నాయి. వచ్చే ఏటికి రెండో బొంత మొదలుపెట్టాను. ఇప్పుడు ఒళ్ళో వేసుకునే కుడుతున్నాను. మొన్న ఎండలు మండుతున్న మధ్యాహ్నం వదిన రాయచోటినుంచి వచ్చి తలుపు తోసింది. నేను కుట్టినంత మేరకు బొంత కప్పుకుని మంచం మీద పడుకుని ఉన్నాను. చెమటలు కారిపోతున్నాయి.

"ఏమ్మే, మతి గిన పోయిందా? ఈ ఎండకు బొంతేంది?"

"ఇచ్చే వస్తువు వదినా," అన్నాను. "మెత్తబడాల గదా."

ఆమె చెప్పులు వాకిట్లో వదిలి, ఫ్యాను పెద్దది చేసి, రెండో పక్కన దూరింది.