ఆంబ్రోస్ పెండిల్ అచ్చువేసిన చావు

ఆంబ్రోస్ పెండిల్ కుడి భుజం ఎడమ భుజం కంటే బాగా ఎత్తుగా ఉండేది. చిన్నతనం నుంచీ అచ్చుయంత్రం పిడి లాగీ లాగీ ఒళ్ళు ఒకపక్కకే పెరిగింది. దూరం నుంచి చూస్తే ఎవరో మూట మోసుకొస్తున్నట్టు ఉండేది. దగ్గరికొచ్చాక మూట ఉండేది కాదు. లండన్‌లో సెయింట్ పాల్స్ చర్చి ఆవరణలో పుస్తకాలు కుట్టే మా కొట్టూ, అతని అచ్చుశాలా గోడకు గోడ. అతని సంగతులు తెలుసుకోవడానికి నేను చెవి ఒగ్గాల్సిన పని లేకపోయింది. గోడ పల్చన, అతని భార్య గొంతు పెద్దది.

ష్రాప్‌షైర్‌లో చేతితొడుగులు కుట్టేవాడి కొడుకు ఆంబ్రోస్. గిల్బర్ట్ క్రోమ్ అనే ముద్రాపకుడి దగ్గర పనికి కుదిరి, అక్కడే పెద్దవాడయ్యాడు. క్రోమ్ ఒక ఉపవాసాల కాలంలో పాముచేప ముల్లు గొంతుకు అడ్డంపడి పోయాడు. యంత్రం, సీసపు అక్షరాలు, ఇల్లు అన్నీ అతని భార్య థామసిన్ చేతికి వచ్చాయి. మా అచ్చువాళ్ళ సంఘం కొత్త యంత్రం పెట్టుకోవడానికి ఎవరికీ ఒక పట్టాన అనుమతి ఇచ్చేది కాదు. యంత్రం కావాలంటే ఎవరో ఒక యజమాని పోవాలి, అతని భార్యను పెళ్ళాడాలి. అందుకే మా వీధిలో విధవరాళ్ళకున్న గిరాకీ కన్నెపిల్లలకు ఉండేది కాదు.

థామసిన్ ఇంటి ముందు పెళ్ళికొడుకులు బారులు తీరారు. ఆమె వాళ్ళందర్నీ వాకిట్లో నిలబెట్టి, లోపల యంత్రానికి కొవ్వు రాస్తున్న ఆంబ్రోస్‌ని పిలిచింది.

"నిజం చెప్పు. నువ్వు చేసుకోవాలనుకుంటే, చేసుకునేది నన్నా, ప్రెస్సునా?"

ఆంబ్రోస్‌కి అబద్ధం చెప్పడం చేతకాదు. "ప్రెస్సునే అమ్మగారూ. కాకపోతే మీరంటే నాకు భయం లేదు."

"ఆ ముక్క ఇంతవరకూ ఎవడూ అనలేదు," అని ఆమె వాకిట్లో వాళ్ళను ఇళ్ళకు పొమ్మంది.

పెళ్ళయ్యాక కూడా అతనికి 'అమ్మగారూ' అనే పిలుపు పోలేదు. "మొగుడివయ్యా నువ్వు! పేరు పెట్టి పిలువు!" అని ఆమె అరిచేది. "అలాగే అమ్మగారూ," అనేవాడు.

పెద్ద పుస్తకాలు అచ్చువేసే తాహతు వాళ్ళకు లేదు. ఒంటికాగితం మీద పాటలు వేసి అమ్మేవారు. వరదలు, రెండు తలల దూడలు, ఉరిశిక్షలు. పైన వేయడానికి ఆంబ్రోస్ దగ్గర ఒకే ఒక చెక్కబొమ్మ ఉండేది: గడ్డం ఉన్న మనిషి చెయ్యెత్తి నిలబడి ఉంటాడు. ఆ మనిషే ఒక పాటలో హంతకుడు, ఇంకో పాటలో బిషప్పు. ఒకసారి ఒక రాచకన్య పాట మీద కూడా అతన్నే వేస్తే, గడ్డం సంగతి ఒక్కరూ అడగలేదు.

పాట ఆంబ్రోసే కట్టేవాడు. కాగితం మీద రాసుకోకుండా, నిలబడి నేరుగా అక్షరాలు కూరుస్తూ కట్టేవాడు. ప్రతి ఉరి పాటలోనూ ఏడో చరణంలో ఉరిపడ్డవాడి తల్లి గుండె పగిలి చచ్చిపోయేది. తల్లి చావకపోతే జనం కొనరని అతని నమ్మకం.

కథ్‌బర్ట్ స్నెల్ అనే గుర్రాల దొంగకు ఉరి పడింది. టైబర్న్ దగ్గర ఉరి చూడ్డానికి వచ్చిన జనం అక్కడికక్కడే పాట కొని, పాడుకుంటూ ఇళ్ళకు పోతారు. కాబట్టి మనిషి చావకముందే పాట అచ్చయిపోవాలి.

"వాడింకా బతికే ఉన్నాడు కదయ్యా!" అంది థామసిన్, ఆరవేసిన కాగితాలు చూసి.

"రేపు పోతాడమ్మగారూ. ఈ ఊళ్ళో చెప్పిన వేళకి జరిగేది అదొక్కటే."

అదీ జరగలేదు. స్నెల్ కొట్టేసిన గుర్రం, కొన్నవాడి దగ్గర తిండి నచ్చకో ఏమో, తనంతట తానే నడుచుకుంటూ అసలు యజమాని ఇంటికి వచ్చేసింది. ఆయన పెద్ద దొర. ఆ సంబరంలో స్నెల్‌కి క్షమాపత్రం రాయించి మనిషిని పరుగెత్తించాడు. మెడకు తాడు పడ్డాక ఆ మనిషి చేరుకున్నాడు. స్నెల్‌ని బండి మీద నుంచి దించేశారు. పొద్దున్నే వచ్చి చోటు పట్టుకున్న జనం మొహాలు చిన్నబోయాయి. అప్పటికే ఆంబ్రోస్ పాటలన్నీ అమ్ముడుపోయాయి. కొన్నవాళ్ళు ఊరుకోలేక, బతికున్న స్నెల్ పక్కనే నడుస్తూ అతని చావు పాట పాడుకుంటూ పోయారు.

మర్నాడు ఒక ముసలామె అచ్చుశాల తలుపు తన్నుకుంటూ వచ్చింది.

"పెండిల్ అంటే ఎవడ్రా?"

"నేనేనమ్మా."

"నేను చచ్చానా?"

"మీరెవరమ్మా?"

"ఏడో చరణం!"

ఆమె స్నెల్ తల్లి మార్జరీ. షోర్‌డిచ్‌లో పాలు అమ్ముకుంటుంది. పాట వాళ్ళ పేటకు చేరేసరికి చర్చిలో ఆమె పేర చావుగంట కొట్టేశారట. పాలు పోయించుకునే ఇళ్ళవాళ్ళు తలుపులు వేసేసుకున్నారట.

"ఎదురుగా నిలబడి, 'ఒసేయ్, నేనేనే, మార్జరీనే' అంటున్నా వినరయ్యా! 'అచ్చులో ఉంది, మేమేం చేస్తాం' అంటారు. నా ఇంట్లో అప్పుడే ఎవడో దిగాడు. నా చెప్పులు వేసుకు తిరుగుతున్నాడు!"

ఆంబ్రోస్‌కి నిజంగా బాధేసింది. స్నెల్ బతికే ఉన్నాడనీ, తల్లి కూడా క్షేమమనీ ఇంకో పాట వేస్తానని మాటిచ్చి, అనుమతి కోసం సంఘం భవనానికి పరుగెత్తాడు. మాలో ఏ పాట ఎవరు ముందు నమోదు చేయించుకుంటే దాని హక్కు వాళ్ళది. గుమాస్తా తల అడ్డంగా ఊపాడు.

"ఆలస్యం చేశావయ్యా. 'కథ్‌బర్ట్ స్నెల్ బతికి బయటపడుట' అని మార్మడ్యూక్ గోస్ నిన్ననే రాయించుకున్నాడు. స్నెల్ చావు నీది. బతుకు గోస్‌ది."

"పోనీ, వాళ్ళమ్మ బతుకు?"

"అదీ గోస్‌దే. కుటుంబంతో సహా రాయించుకున్నాడు."

గోస్‌ది అచ్చుశాలే, ఆవరణలో మాకు ఎదురు వరస. మనిషి సన్నం, ఎప్పుడూ జలుబు. ఎవరికి లాభం వచ్చినా ఆ జలుబు ఎక్కువయ్యేది.

తన వల్ల ఇల్లు పోగొట్టుకున్న మనిషిని వీధిలోకి పొమ్మనలేక ఆంబ్రోస్ మార్జరీని ఇంట్లోనే ఉంచుకున్నాడు. ఆమె తడి కాగితాలు ఆరవేస్తూ, థామసిన్‌తో రోజూ పోట్లాడుతూ హాయిగా కుదురుకుంది. కొన్నాళ్ళకు కొడుకు కూడా వచ్చాడు. దొంగను పనిలో పెట్టుకునేవాళ్ళెవరు?

"అయ్యా, నా చావు పాట ఎవరిచేతో చదివించుకు విన్నాను," అన్నాడు స్నెల్. "బాగుంది. నేను కొట్టేసింది నల్ల గుర్రం, తమరు బూడిదరంగు అన్నారు. అది ఒక్కటే వెలితి."

"నలుపుకి ప్రాస కుదరలేదు."

"అయితే పోనీండి. నేను పాడి అమ్మనా?"

స్నెల్ గొంతు అద్భుతం. ఆవరణలో ముక్కాలిపీట ఎక్కి, మెడలో తాడు వేసుకుని తన కడసారి విలాపం ఎత్తుకుంటే చేపలవాళ్ళు బుట్టలు దించి ఏడ్చేవారు. ఏడో చరణం దగ్గర మార్జరీ తలుపు చాటునుంచి శోకాలు పెట్టేది. ఆ మనిషి బతికే ఉన్నాడని అందరికీ తెలుసు, అయినా కొనేవారు. నా మటుకు నేనే రెండుసార్లు కొన్నాను. గోస్ వేసిన 'బతికి బయటపడుట' మాత్రం కదల్లేదు.

గోస్ సంఘం పెద్దల దగ్గర ఫిర్యాదు పెట్టాడు: మనిషి బతికుండగా చావు పాట అమ్మడం మోసం, పైగా స్నెల్ వీధిలో తిరుగుతూ తన సొత్తయిన బతుకును ఉచితంగా చూపిస్తున్నాడు. విచారణ నాడు మేమంతా వెళ్ళాం. పెద్దాయన కళ్ళజోడు సర్దుకుని స్నెల్‌ని సూటిగా అడిగాడు.

"ఏమోయ్, నువ్వు బతికున్నావా లేదా?"

"అయ్యా, అది నేను చెప్పకూడదు. గోస్ గారిది ఆ హక్కు."

"పోనీ చచ్చావా?"

"దానికి పెండిల్ గారి అనుమతి కావాలి."

పెద్దలు చాలాసేపు గుసగుసలాడుకున్నారు. ఇద్దరూ చందా సక్రమంగా కట్టే సభ్యులే, ఎవరి హక్కునూ కొట్టెయ్యలేరు. చివరికి తీర్పు చెప్పారు: వ్యాపారం నిమిత్తం, సెయింట్ పాల్స్ ఆవరణ లోపల స్నెల్ చచ్చినట్టు, ఆవరణ దాటితే బతికినట్టు.

అప్పటినుంచి స్నెల్ ఆవరణలో నవ్వకూడదు, తినకూడదు, ఎవరైనా పలకరిస్తే పలకకూడదు. పాడటం మాత్రం పనిలో భాగమని ఒప్పుకున్నారు. గోస్ వేడివేడి మాంసపు రొట్టె పట్టుకుని స్తంభం పక్కన కాపు కాసేవాడు, వాసనకు స్నెల్ లొంగితే సాక్షుల్ని పిలుద్దామని. చలిలో అలా నిలబడీ నిలబడీ గోస్ జలుబు ముదిరింది. రొట్టె చల్లారిపోయేది, చివరికి తనే తినేవాడు. ఆవరణ గేటు దాటగానే స్నెల్ ఒక్కసారి గట్టిగా ఊపిరి తీసి, దారిన పోయేవాళ్ళందరికీ పేరు పేరునా దండాలు పెట్టేవాడు.

ఆ గేటు బయట అల్లం రొట్టెలు అమ్మే అర్సులా అనే అమ్మాయి ఉండేది. రోజూ ప్రాణం వచ్చిన మొదటి క్షణంలో కనిపించే మొహం ఆమెదే కావడంతో స్నెల్ మనసు అక్కడ చిక్కుకుంది. ఆమెకూ ఇష్టమే. కానీ పెళ్ళి మాట వచ్చేసరికి చేతులు నడుముకి పెట్టుకుంది.

"చచ్చినవాణ్ణి చేసుకున్నా ఒక దారి. సగం పూట చచ్చి సగం పూట బతికేవాణ్ణి ఎలా చేసుకోను? మధ్యాహ్నం వంట చెయ్యాలా వద్దా?"

పైగా స్నెల్ ఉండేది ఆవరణలోనే, చర్చి కూడా అక్కడిదే. పెళ్ళికి ముందు ఇద్దరి పేర్లతో ప్రకటన అక్కడ చదవాలి. బతికున్న స్నెల్ పేరు తన అనుమతి లేకుండా బహిరంగంగా చదివితే ఊరుకోనని గోస్ పాదిరికి కబురు పెట్టాడు. పాదిరి భయపడి చదవనన్నాడు.

ఆ సాయంత్రం స్నెల్ పీట మీద నిలబడి పాడుతుంటే గొంతు నిజంగానే వణికింది. జనం ఎప్పటికంటే ఎక్కువ కొన్నారు. ఆంబ్రోస్ కాగితాలు అందిస్తూ అందిస్తూ ఆగిపోయి, లోపలికి వెళ్ళి కూర్చున్నాడు. గోడకు ఇవతల నాకు అంతా వినిపించింది.

"అమ్మగారూ, వాడి చావు గోస్‌కి ఇచ్చేసి బతుకు తీసుకుందామనుకుంటున్నాను."

"నీకేమైనా మతిపోయిందా? మనం తినేది ఆ చావు వల్లే! వాడి బతుకు ఎవడు కొంటాడు? అందులో ఏముందని?"

"ఏమీ లేదు. నిజమే. కానీ వాడి చావు నా చేతులతో అచ్చువేశాను. వాడు చావలేదు. అది తలుచుకుంటే నాకు రోజూ సంతోషంగానే ఉంటుందమ్మగారూ. ఆ సంతోషం కడుపులో దాచుకుని వాణ్ణి శవంలాగా నిలబెట్టడం నా వల్ల కావట్లేదు."

థామసిన్ ఏదో గిన్నె విసిరింది. విసిరాక, "గోస్‌ని నువ్వు అడిగితే నిన్ను అమ్మేస్తాడు. నేను అడుగుతా," అంది.

గోస్ మార్పిడికి ఎగిరి గంతేశాడు. సంఘం పుస్తకంలో పేర్లు అటువి ఇటు, ఇటువి అటు మార్చి, ఇక ఫిర్యాదు లేదు కాబట్టి పాత తీర్పు కొట్టేశారు. ఆ ఆదివారమే స్నెల్ పెళ్ళి ప్రకటన చదివారు. బతుకు హక్కు కుటుంబంతో సహా వచ్చింది కాబట్టి మార్జరీ కూడా అదే రోజు షోర్‌డిచ్ వెళ్ళి, తన ఇంట్లో ఉన్నవాడి కాళ్ళనుంచి చెప్పులు ఊడబీకి తెచ్చుకుంది. ఇల్లు మాత్రం వద్దంది. "ఇక్కడైతే పోట్లాడటానికి మనిషుంది," అని తిరిగి థామసిన్ దగ్గరికే చేరింది. పెళ్ళిలో బీరు, బాతు మాంసం, అర్సులా చేసిన అల్లం రొట్టెలు. స్నెల్ ఆవరణ నడిమధ్యలో నిలబడి అందరూ చూస్తుండగా తిన్నాడు.

గోస్ చావు పాటను కొత్త కాగితం మీద కుప్పలుగా అచ్చువేయించాడు. కానీ స్నెల్ అతనికి పాడనన్నాడు. గోసే పీటెక్కి, మెడలో తాడు వేసుకుని పాడాడు. రెండో చరణంలో తుమ్ములు వచ్చాయి. జనం పడీ పడీ నవ్వి కొనకుండా పోయారు. ఆ కాగితాలన్నీ చివరికి రొట్టెల కింద పరుచుకోవడానికి అర్సులానే తీసుకుంది. ఆంబ్రోస్ వేసిన 'స్నెల్ బతుకు' పాటలో స్నెల్ పొద్దున లేస్తాడు, పనికి పోతాడు, ఇంటికొస్తాడు. అది పెళ్ళికొచ్చినవాళ్ళు తప్ప ఎవరూ కొనలేదు.

తర్వాత ఆంబ్రోస్ ఉరి పాటలు మానేశాడు. పిల్లల అక్షరమాలలు, చర్చివాళ్ళ మతబోధ ప్రశ్నోత్తరాలు వేసుకుంటూ బతికాడు. స్నెల్ అతని పక్కనే సిరా పూసే పని నేర్చుకున్నాడు. దొంగతనం చేసే వేళ్ళు కదా, ఆ పనికి చక్కగా పనికొచ్చాయి.

ఇలా కొన్నేళ్ళు గడిచాక, ఒక చలికాలం ఆంబ్రోస్‌కి రొమ్ము పట్టేసింది. మంచం మీద ఉండగా థామసిన్ పక్కన కూర్చుని గంజి తాగించేది. నేను చూడబోయినప్పుడు ఆమె అరవడం లేదు. అందుకే నాకు భయమేసింది. ఆ వారంలోనే పోయాడు.

శవపేటికను స్నెల్, నేను, సంఘం తరఫున ఇద్దరు మోశాం. ఆంబ్రోస్ ఎత్తు భుజం వల్ల పేటిక మూత సరిగా పడక, వడ్రంగి ఒకవైపు కొంచెం గూనుగా చేయాల్సి వచ్చింది. గోస్ వర్షంలో తడుస్తూ వచ్చి, అందరికంటే ఎక్కువ ఏడ్చాడు. కొంత జలుబు అయ్యుండొచ్చు, కానీ అంతా జలుబు కాదు.

మర్నాడు తెల్లవారగానే గోడ అవతల యంత్రం కిర్రుమంది. ఆదివారానికి చర్చికి ఇవ్వాల్సిన ప్రశ్నోత్తరాలు సగంలో ఉన్నాయి. థామసిన్ చేతులు పైకి మడిచి పిడి లాగుతోంది, స్నెల్ సిరా పూస్తున్నాడు. కుట్టడానికి మొదటి కట్ట నా దగ్గరికి మధ్యాహ్నం వచ్చింది. కాగితాలు ఇంకా తడిగానే ఉన్నాయి. మా కొట్టులో తాడు కట్టి ఆరవేశాను.