హద్దు అవతలి షెడ్డు

మేము చెక్క పెట్టెలు చేస్తాం. కంపెనీలు మోటార్లు, పంపులు లారీల్లో పంపేటప్పుడు దెబ్బ తగలకుండా వాటి చుట్టూ బిగించే పెట్టెలు. మా ఆయన లక్డారం నుంచి రోజూ పటాన్‌చెరు వచ్చి ఒక కంపెనీలో ప్యాకింగ్ పని చేసేవాడు. పని చేతికొచ్చాక మా ఊళ్ళోనే సొంతంగా షెడ్డు పెట్టుకున్నాడు. చెక్క కొనడం, కోయించడం, మేకులు కొట్టించడం ఆయన చూసుకుంటాడు. బిల్లులు, బ్యాంకు, ఫోన్లు నావి. ఆడవాళ్ళ పేరు మీదైతే లోను తొందరగా వస్తుందని ఎవరో చెబితే వ్యాపారం నా పేరు మీద పెట్టాం. అందుకే ఎక్కడ సంతకం కావాలన్నా నేనే పోవాలి.

మా పెట్టెల్లో సగానికి పైగా ఒకే కంపెనీ కొనేది. ఆ కంపెనీ కర్ణాటకలో, హుమ్నాబాద్ దగ్గర, ఇంకో ప్లాంటు కట్టింది. ఒకరోజు వాళ్ళ మేనేజరు నన్ను పిలిచాడు.

“మేడమ్, ఈ తయారీ లైన్ మొత్తం అక్కడికి పోతుంది. పెట్టెలు కూడా అక్కడే తయారుచేసి ఇవ్వాలి. అక్కడి జీఎస్టీ నంబర్ తెచ్చుకోండి. లేకపోతే అక్కడే ఎవరినైనా చూసుకుంటాం.”

ఇంటికొచ్చి మా ఆయనకు చెప్పాను. “మనం ఆడికి పోయి ఏం జేస్తం? భాష రాదు, తెల్సినోడు లేడు” అన్నాడు.

“పోకుంటే ఈడ మిషన్లు బందువెట్టుకోవాలె” అన్నాను.

మా లెక్కలు చూసే టాక్స్ కన్సల్టెంటు పని మొదలుపెట్టాడు. వ్యాపారం ఒకటే అయినా రాష్ట్రం మారితే నంబరు మళ్ళీ తీసుకోవాలట. అక్కడ మాకొక చోటు ఉందని చూపించాలట. “ఆడి జీఎస్టీ ఆఫీసరు వచ్చి చూస్తడమ్మా. వచ్చినప్పుడు తలుపు తెరిచి ఉండాలె, బోర్డు ఉండాలె, మీరుండాలె. తాళం కనబడితే అప్లికేషన్ కొట్టేస్తరు” అని ముందే హెచ్చరించాడు.

హుమ్నాబాద్‌కు కాస్త ఇవతల, రోడ్డు పక్కన ఒక పాత పప్పుమిల్లు షెడ్డు కిరాయికి దొరికింది. ఓనరు బీదర్‌లో ఉంటాడు. తెలుగొచ్చు, తియ్యగా మాట్లాడే మనిషి. మిల్లు నడిపిన తండ్రి చనిపోయాడు, కరెంటు బిల్లు ఇంకా ఆయన పేరు మీదే వస్తోంది. “ఏం ఫికర్ జెయ్యకండి, అంతా నేనే సూస్కుంట” అన్నాడు. షెడ్డు మేము వాడుకోవచ్చని ఒప్పుకోలు పత్రం మీద సంతకం పెట్టి ఇచ్చాడు. మేము అప్లికేషన్ పెట్టి, ఒక కోత మిషనును, మా దగ్గర పనిచేసే ముగ్గురు బీహార్ వాళ్ళను అక్కడికి పంపాం.

కొన్నాళ్ళకు ఆఫీసరు ఫోన్ చేశాడు. రేపు పొద్దున వస్తాను, షెడ్డు దగ్గర ఉండమని హిందీలో చెప్పి పెట్టేశాడు. ఆ రోజే ఇక్కడ ఒక పెద్ద లోడు ఎక్కించాలి. మా ఆయన కదలడానికి లేదు. కొత్తగా రాయించిన ఫ్లెక్సీ బోర్డు చుట్టచుట్టి చంకలో పెట్టుకుని, తెల్లవారుతూనే సంగారెడ్డిలో బస్సెక్కాను. జహీరాబాద్ దాటాక కొట్ల మీద అక్షరాలు మారిపోయాయి. అంగీలు, గిన్నెలు, మందులు అమ్మే కొట్లే. అక్షరాలు మనవాటిలాగే అనిపిస్తున్నా ఒక్క పేరు కూడా పూర్తిగా చదవలేకపోతున్నానని తెలిసి నాకు లోపల బెరుకు పుట్టింది.

షెడ్డు దగ్గర దిగేసరికి మా పనివాళ్ళు ముగ్గురూ మూటలతో రోడ్డు పక్కన కూర్చుని ఉన్నారు. షెడ్డు తలుపుకు కొత్త తాళం ఉంది. మాది కాదు.

“దీదీ, మాలిక్ కా బడా భాయీ ఆయా. హమ్‌కో బాహర్ నికాల్ దియా” అన్నాడు వాళ్ళలో పెద్దవాడు. ఓనరు అన్న వచ్చి వాళ్ళను బయటికి వెళ్ళగొట్టాడట.

ఓనరుకు అన్న ఉన్నాడని నాకు ఆ క్షణం వరకు తెలియదు. బీదర్‌కు ఫోన్ చేశాను. “వానికీ నాకూ మాటల్లేవు. మీరే ఎట్లన్న జేస్కోండి” అని పెట్టేశాడు. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. ఆఫీసరుకు చేసి ఇంకో రోజు రాగలరా అని అడిగాను. ఆయన అప్పటికే బయల్దేరాడు. “వచ్చినప్పుడు ఏది కనిపిస్తే అది రాస్తాను మేడమ్” అన్నాడు.

తాళం పగలగొడదామా అని పనివాళ్ళు అడిగారు. ఒక్క నిమిషం నిజంగానే ఆలోచించాను. ఊరు కాని ఊళ్ళో, పదిమంది పోగైతే నా తరఫున మాట్లాడేవాళ్ళు ఎవరు? వద్దని, ఆ అన్న ఇల్లు ఎక్కడో చూపించమన్నాను.

షెడ్డు వెనక సందులోనే ఇల్లు. ఆయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేవలేదు. ఆయన భార్య గడపలో నిలబడింది. ఆ సరిహద్దు ఊళ్ళలో తెలుగు తెలిసినవాళ్ళు చాలామంది ఉంటారు. ఆయన మాట మా ఊరి మాటలాగే ఉంది.

“అన్నా, తాళం నువ్వేసినవా?”

“నేనే ఏసిన. నా జాగకు నేను తాళం ఏసుకోవద్దా?”

“ఆఫీసర్ వస్తున్నడన్నా. తలుపు బందుంటే మాకు నంబరు రాదు. పని పోతది.”

“నీ పని పోతదని నీకు పరేషాన్. నా సంగతి ఎవలు సూడాలె?” ఆయన గొంతు లేచింది. “మా నాయిన సచ్చి ఏడాది నిండలె. నన్ను ఒక్క మాట అడగకుండ వాడు కిరాయికిచ్చిండు. రేపు సర్కారు కాయితంల మాలిక్ అని వాని ఒక్కని పేరే ఎక్కుతది. ఇగ నాకేం మిగుల్తది?”

ఆ ఇంటికి నడుస్తూ ఏం తిట్టాలో అనుకుంటూ వచ్చాను. ఆ మాట విన్నాక తిట్లు పక్కన పెట్టేశాను. ఆయన భయం నాకు అర్థమైంది. మా ఊళ్ళో భూముల ధరలు పెరిగినప్పుడు అన్నదమ్ములు ఇలాగే ఒకరి వెనక ఒకరు కాగితాలు చేయించుకోవడం చూశాను.

“నన్నేం జెయ్యమంటవో చెప్పన్నా.”

“ఆఫీసర్ ముంగట జెప్పు, ఈ షెడ్డు ఇద్దరు అన్నదమ్ములదని. గా మాట నీ నోటితోని జెప్తనంటే తాళం తీస్త.”

పక్కకు వచ్చి కన్సల్టెంటుకు ఫోన్ చేశాను. “అమ్మా, ఆ మాట మాత్రం అనకండి. మనం పెట్టింది ఒక్కరి ఒప్పుకోలు పత్రమే. రెండో ఓనరు ఉన్నడని తెలిస్తే ఆడికాడనే ఆపేస్తరు” అన్నాడు కంగారుగా. చెప్పకపోతే తలుపు తెరుచుకోదు. చెబితే అప్లికేషన్ ఆగిపోవచ్చు. ఎండలోనే నిలబడ్డాను. ఆ ఇంటావిడ చెంబుతో నీళ్ళు తెచ్చిచ్చింది. తాగి, “చెప్తనన్నా, తాళం తియ్యి” అన్నాను.

ఆయన తాళం తీశాడు, మేము బోర్డు కడుతుండగానే ఆఫీసరు బండి వచ్చి ఆగింది. లోపలికి వచ్చి మిషను చూశాడు, చెక్కలు చూశాడు, నన్ను బోర్డు పక్కన నిలబెట్టి ఫోటో తీశాడు. తర్వాత షెడ్డు ఎవరిదని అడిగాడు. పెద్దన్న తలుపు దగ్గర నిలబడి నా మొహమే చూస్తున్నాడు.

“ఇద్దరు అన్నదమ్ములది సార్. తమ్ముడు సంతకం పెట్టాడు. ఈయన అన్న. ఈయన్ని అడగలేదు. ఆ సంగతి నాకు ఇందాకే తెలిసింది” అన్నాను నాకొచ్చిన హిందీలో.

ఆఫీసరు రాయడం ఆపాడు. పెద్దన్నతో కన్నడలో మాట్లాడాడు. ఏమన్నారో నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తూ నిలబడ్డాను. చివరికి ఆఫీసరు నావైపు తిరిగి, అన్న ఒప్పుకోలు కూడా కావాలని నోటీసు పంపుతానని, గడువులోగా జవాబు ఇవ్వకపోతే అప్లికేషన్ రద్దవుతుందని చెప్పి వెళ్ళిపోయాడు.

పెద్దన్న తన మాట నిలబెట్టుకున్నాడు. సంతకం పెట్టడానికి సిద్ధమే అన్నాడు. కానీ సంగతి తెలిసి తమ్ముడు మండిపడ్డాడు. “మా ఇంటి లొల్లి సర్కారు ముంగట పెడ్తరా? షెడ్డు ఖాళీ జెయ్యండి” అని ఫోన్లో మా మీద అరిచాడు. ఆ సాయంత్రం ఇల్లు చేరి మా ఆయన ముందు ఏడ్చేశాను. నోటీసు వచ్చింది. గడువు నడుస్తోంది. కంపెనీ మేనేజరు రోజూ ఫోన్ చేస్తున్నాడు. నిద్రలో కూడా ఫోన్ మోగినట్టే ఉండేది.

అప్పుడు, అసలు ఆ రాష్ట్రానికే పోవద్దన్న మా ఆయన, అంగీ వేసుకుని, “నేను బోయొస్త” అని బీదర్ బస్సెక్కాడు. మొదటి రోజు తమ్ముడు ఇంట్లోకే రానివ్వలేదు. ఈయన అక్కడే లాడ్జిలో ఉండి మర్నాడు మళ్ళీ పోయాడు. ఏం మాట్లాడావని తర్వాత ఎన్నిసార్లు అడిగినా పూర్తిగా చెప్పలేదు. “‘నీ అన్న షెడ్డు అడుగుతలేడు, తనను లెక్కల పెట్టుమంటున్నడు’ అని తమ్మునితోని అన్న. గంతే” అని మాత్రం చెప్పాడు. కిరాయి చెరి సగం అని కొత్త అగ్రిమెంటు రాయించారు. అన్నదమ్ములు ఒకచోట కూర్చోవడానికి ఒప్పుకోలేదు. మా ఆయనే ఆ కాగితం పట్టుకుని బీదర్ నుంచి షెడ్డున్న ఊరికి పోయి రెండో సంతకం తెచ్చాడు.

జవాబు పెట్టాక కూడా చాలా రోజులు ఏ కబురూ లేదు. ఒక మధ్యాహ్నం నేను బ్యాంకులో లైన్లో ఉండగా మెసేజ్ వచ్చింది. ఏదో అడుగుతున్నారేమోనని తెరవడానికి భయపడ్డాను. తెరిస్తే నంబరు వచ్చింది. లైన్లోంచి బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. నా ముందు నిలబడ్డావిడ వచ్చి ఒంట్లో బాగాలేదా అని అడిగింది. బాగానే ఉందని చెప్పి మా ఆయనకు ఫోన్ కలిపాను.

ఇప్పుడు మా ఆయన వారంలో ఎక్కువ రోజులు అక్కడే ఉంటాడు. ఇక్కడి షెడ్డు నేను చూస్తున్నాను. చెక్క తడిగా ఉందో ఎండిందో తట్టి చెప్పడం ఇంకా పూర్తిగా రాలేదు, నేర్చుకుంటున్నాను. అక్కడి నుంచి మొదటి లోడు బయల్దేరిన రోజు ఆయన ఫోన్ చేశాడు. వెనక లారీ ఇంజను మోగుతోంది.

“ఎక్కింది. బిల్లు జల్దీ పంపు” అన్నాడు.

కంప్యూటర్ ముందు కూర్చుని కర్ణాటక నంబరు ఒక్కో అంకె చూసుకుంటూ కొట్టాను.