కలిపిన చేతికి ఓ ముద్ద

మా చిన్నప్పుడు... ఉత్తరాదిన, నాన్న పనిచేసే రేకుల ఫ్యాక్టరీ వాళ్ళ గోల్‌మురి క్వార్టర్లో పొద్దుట ఐదింటికే అందరం చాప మీద ఉండేవాళ్ళం. మధ్యలో పెద్ద సత్తు గిన్నె. అందులో చద్దన్నం.

రాత్రి మిగిలిన అన్నంలో గంజీ నీళ్ళూ పోసి ఉంచితే తెల్లారేసరికి కాస్త పులిసేది. అమ్మ ఆ నీళ్ళు వంచి పక్కన పెట్టి, అన్నంలో పెరుగూ ఉప్పూ వేసి చేత్తో పిసికేది. పొద్దుటి పూట ఎవరికీ విడిగా కంచం లేదు. నాన్న, మామ్మ, నేను, చెల్లి... వరసగా మా అరచేతుల్లో ముద్ద పెట్టేది. మేం దాన్ని తిని, ఉల్లిపాయ కొరికి, మళ్ళీ మా వంతు కోసం చూసేవాళ్ళం.

"అన్నకి పెద్ద ముద్ద ఎట్టేసినావు," అనేది చెల్లి, రోజూ.

"ఆడి నోరు పెద్దదే. ఏటి సేత్తాం?" అనేది అమ్మ.

చివర్లో వంచిన నీళ్ళు తలా ఓ గ్లాసు. అది తాగి నాన్న సైకిలెక్కి డ్యూటీకి వెళ్ళేవాడు. ఎండాకాలంలో, ప్లాంటు వేడిలో, మధ్యాహ్నం దాకా అదే ఆయనకి చలవ.

ఇప్పుడు ఫోను తెరిస్తే చాలు... పులిసిన అన్నం పేగులకి మంచిది, నేల మీద కూర్చోండి, చేత్తో తినండి, నెమ్మదిగా నమలండి అని ఎవరో ఒకరు చెబుతున్నారు. నిజమే అయ్యుంటుంది. మేం నెమ్మదిగా తిన్నది మా వంతు రావాలి గనక.

మా మామ్మ, అంటే నాన్న తల్లి, ఒక నియమం పెట్టింది. కలిపిన మనిషి తన ముద్ద తాను తీసుకోకూడదు. అందరిదీ అయ్యాక గిన్నె మామ్మ ముందుకు జరిగేది. అమ్మ చెయ్యి చాచేది. కడపటి ముద్దలు మామ్మ పెట్టేది, అమ్మ చాలనేదాకా. అంతవరకూ మేం లేవకూడదు. శ్రీకాకుళం వైపు అందరూ ఇలాగే చేసేవారో, మా ఇంటి పద్ధతో... నాకు తెలియదు.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు ఒక రోజు... అమ్మ ముద్ద అందుకుని నోట్లో పెట్టుకోలేదు.

"ఏటే పిల్లా, ముద్ద పట్టుకుని కూకున్నావు?"

"ఆకల్లేదత్తా. తర్వాత తింతాను."

"తర్వాతేటి? మూడ్రోజుల్నించీ సూత్తన్నాను. నాలుగు ముద్దలు తినేదానివి ఒకటికొచ్చీసినావు. ఏదీ, ఇలా ఎలుగులోకి రా. కల్లు సూపీ."

అమ్మ కనురెప్ప కిందకి లాగి చూసి, మామ్మ నాన్న వైపు తిరిగింది.

"ఒరే, ఇయ్యాల డూటీ మానీ. దీన్ని ఆస్పత్రికి తీసుకెల్లు."

"ఇప్పటికిప్పుడు ఛుట్టీ ఎవుడిత్తాడమ్మా?"

"నువ్వెల్లకపోతే రేకులు తయారవ్వవేటి? బేగి లెగు."

పచ్చకామెర్లు. ముందే తెచ్చారు, బతికిపోయింది అన్నాడు డాక్టరు. అమ్మ ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికింది.

నా పెళ్ళయ్యాక నా భార్య సరోజ ఈ పద్ధతిని ఇష్టంగా పట్టుకుంది. వాళ్ళది ఒడిశా సరిహద్దు. చద్దన్నాన్ని పఖాళ అనేది. పిల్లలిద్దరికీ తను ముద్దలు పెట్టేది, తనకి నేను.

"ఇంజినీరు బాబుకి ముద్ద చెయ్యడం రాదు. సగం నా చీర మీదే పోసీసినారు," అని పిల్లల ముందు నవ్వేది.

తర్వాత అదే ఊళ్ళో అగ్రికోలో పెద్ద క్వార్టరుకి వచ్చాం. డైనింగ్ టేబుల్ కొన్నాను. ఆరు కుర్చీలు. పిల్లల ట్యూషన్లు, నా షిఫ్టులు, ఎవరి వేళ వాళ్ళది. ముద్దల కోసం పిలిస్తే "బాద్ మే, మమ్మీ" అనేది మా అమ్మాయి, తర్వాత అని. ఎప్పుడు మానేశామో కూడా గుర్తులేదు. ఒక రోజున మానేసింది కాదు.

సరోజ నిలబడి వడ్డించేది.

"మీరు కానిచ్చీండి. నేను తర్వాత తింతాను."

ఆ మాట చాలా ఏళ్ళు విన్నాను. ఒకప్పుడు అదే మాటకి మామ్మ మా నాన్నను డ్యూటీ మానిపించిందన్న సంగతి నాకు ఒక్కసారీ తట్టలేదు.

కిందటేడాది చలికాలంలో జాకెట్లకి లోపల కుట్టు వేసుకుంటూ కనిపించింది. చిక్కావా అన్నాను. మొన్న ఎండలకి తగ్గాను అంది. నమ్మాను. నెల తిరక్కుండా మళ్ళీ కుట్టుకుంది.

ఆస్పత్రిలో డాక్టరు అడిగాడు, తిండి తగ్గి ఎన్నాళ్ళయింది అని. నన్నే అడిగాడు. ముప్పై ఒక్క ఏళ్ళు తనతో కలిసి ఉన్న మనిషిని. మా అమ్మాయి నా వైపు చూసింది. నాకు తెలియదని చెప్పాను.

నాలుగు నెలలు ముందొస్తే చూసేవాళ్ళం అన్నాడు.

సరోజ వెళ్ళి ఎనిమిది నెలలు. టేబుల్ ఉంది. ఊరి పక్కనే గమ్హరియాలో పనిచేసే మా అమ్మాయి ఆదివారాలు వచ్చి వండుతుంది. మొదటి రెండు వారాలూ నాకు పెట్టి, తను తర్వాత తింటానంది. మూడో వారం నుంచి తను కూర్చునేదాకా నేను కంచం ముట్టడం లేదు. చిరాకు పడుతుంది. పడనీ.

చద్దన్నం మళ్ళీ వచ్చింది. హోటళ్ళలో మట్టి పిడతల్లో అమ్ముతున్నారు, కడుపుకి మంచిదని. మంచిదే, తినండి. కానీ మా ఇంట్లో ప్రాణం నిలబెట్టింది పులిసిన అన్నం కాదు... ఎవరు ఎంత తిన్నారో చూసే ఒక మనిషి.

మీ ఇళ్ళల్లో ఎలా తినేవారు? ముద్దలు పెట్టేవారా? చివర ఎవరు తినేవారు? రాయండి, చదువుతాను.

రాసే ముందు ఒక్క పని. ఇవాళ మీకు వడ్డించిన మనిషిని తిన్నావా అని అడక్కండి. నేను రోజూ అడిగేవాణ్ణి, తిన్నానండి అనేది. పక్కన కూర్చుని చూడండి.