అట్లకాడ వంగిన ఏడాది గంగజాతర

మా చిన్నప్పుడు... కోమలత్త మా ఇంటికొస్తే ముందు వంటింట్లోకే వెళ్ళేది. పొయ్యి మీదున్న ప్రతి గిన్నె మూతా ఎత్తి చూసేది. "ఏమ్మే, ఈ పొద్దు గూడా ఉలవచారేనా?" అని మా అమ్మను ఎకసెక్కమాడేది. తిరుపతి పాత ఊళ్ళో ఆమెది మా పక్కిల్లే, గోడకు గోడ.

గిన్నెలయ్యాక మనుషుల మీద పడేది. నా చేతిలో ఒక శనక్కాయల ఉండ పెట్టి, "ఏం రా అబ్బోడా, మీ నాయన పొద్దున్నే కేకలేస్తా ఉండె, ఏంటికిరా?" అని కూపీ లాగేది. ఉండ అయిపోయేలోపు మా ఇంటి గుట్టంతా ఆమె దగ్గరుండేది. సాయంత్రానికి వీధి కుళాయి దగ్గర అదే కథ... ఆమె నోట్లో నువ్వుగింజ నానదు మరి.

ఆమెకు లొంగనిది మా ఇంట్లో ఒక్కటే. అమ్మ మంచం కింద ఉన్న ఇనప ట్రంకుపెట్టె. దానికెప్పుడూ తాళమే. "ఏముండాదిమే దాంట్లో?" అని కోమలత్త ఎన్నిసార్లు అడిగినా, "పాత గుడ్డలు లే వదినా" అనేది అమ్మ.

ఒకసారి మేమంతా చంద్రగిరిలో మా అవ్వ దగ్గరికి వెళ్ళాం. తులసికోటకు నీళ్ళు పోయమని అమ్మ ఇంటి తాళంచెవి కోమలత్త చేతికే ఇచ్చింది. అప్పట్లో అంతే కదా... ఊరికెళితే తాళంచెవి పక్కింట్లోనే.

తిరిగొచ్చి చూస్తే పెట్టె గొళ్ళెం ఊడి వేలాడుతోంది. పక్కనే మా దోసెల అట్లకాడ, కొన వంగిపోయి... మా అట్లకాడతోనే మా పెట్టెను పెకలించింది మహాతల్లి!

లోపల ఒక ఉగ్గుగిన్నె, ఒక చిన్న చొక్కా, నల్ల మొలతాడు. నాకంటే ముందు పుట్టి, నడక రాకముందే పోయిన మా అన్నవి. నాకో అన్న ఉండేవాడని ఆ రోజే తెలిసింది. అమ్మ ఏడవలేదు. చెదిరిపోయిన చొక్కాను మడతపెట్టి, మళ్ళీ లోపల పెట్టి, పెట్టె చుట్టూ తాడు కట్టింది. "నీకు గూడా సూపించలేదు గదరా నేను..." అని మాత్రం అనింది.

కోమలత్త అక్కడితో ఊరుకుందా? "పోయిన బిడ్డ గుడ్డలు ఇంట్లో పెట్టుకోనుండాది. పెట్టె తెరిసే ఉన్నింది, నా కంట్లో పడింది. ఆ యమ్మ చేతికి బిడ్డల్నియ్యొద్దండి" అని వీధంతా చాటింది.

మా వీధిలో పసిబిడ్డలకు నీళ్ళు పోసేది మా అమ్మే. కాళ్ళు చాపి, బిడ్డను కాళ్ళ మీద పడుకోబెట్టుకుని, పెసరపిండి రుద్ది, సాంబ్రాణి పొగ వేసి తల్లి చేతికిచ్చేది. అమ్మ చేతిలో ఏ బిడ్డా ఎక్కువసేపు ఏడ్చేది కాదు. ఆ మాట పుట్టాక ఎవరూ పిలవలేదు. ఎదురింటి సరోజక్క కాన్పయి బిడ్డతో వచ్చింది... ఆ బిడ్డ ఏడుపు వినిపిస్తే అమ్మ గడప దాకా వెళ్ళి, అక్కడే నిలబడిపోయేది.

వంగిన అట్లకాడతో దోసె సరిగ్గా తిరగదు. పొద్దున్నే చిరిగిన దోసె నా కంచంలో పడినప్పుడల్లా కోమలత్త మీద పళ్ళు నూరేవాణ్ణి.

ఇంతలో గంగజాతర వచ్చింది. మా తిరుపతి వాళ్ళకు చెప్పక్కర్లేదు... జాతరలో వేషం కట్టినవాడు ఎవరినైనా, ఎంత మాటైనా తిట్టొచ్చు. తిట్లు తిన్నవాళ్ళు కోప్పడకూడదు. ఆ తిట్టు గంగమ్మకు మొక్కుతో సమానం.

నాకు బైరాగి వేషం కట్టారు. పెరట్లో అమ్మ నామంకొమ్ము అరగదీసి నా ఒంటినిండా తెల్లగా పూస్తోంది. ఎవరినీ పల్లెత్తు మాట అనని మనిషి, వీపుకు పూస్తూ పూస్తూ మెల్లగా అనింది.

"కోమలమ్మ వాకిట్లో నిలబడు. నేను సెప్పేది సెప్పినట్లే, గెట్టిగా అను."

ఒక్కో తిట్టూ చెప్పింది. నేను మరిచిపోతే ఎక్కం వప్పజెప్పించినట్టు మళ్ళీ చెప్పించింది. మా అమ్మకు అన్ని తిట్లు వచ్చని అప్పటిదాకా నాకు తెలియదు!

చేతిలో వేపమండ... వెనక డప్పులు... వీధి వీధంతా వాకిళ్ళలో ఉంది. కోమలత్త ఇంటిముందు ఆగి గొంతు చించుకున్నాను.

"కోమలత్తా! మా యమ్మ అట్లకాడతో మా పెట్టె పెరికినదానా! పెరికి, తెరిసే ఉన్నిందని అబద్దం సెప్పినదానా! సచ్చిపోయిన మా యన్న సొక్కాను ఈదిలోకి ఈడ్సినదానా! నీ నోట్లో మన్ను పడ!"

మిగతావి ఈ పోస్టులో రాస్తే నా అకౌంటు లేచిపోతుంది.

కోమలత్త ముఖం మాడిపోయింది. కానీ ఏం చేస్తుంది? వేషాన్ని కోప్పడితే గంగమ్మను కోప్పడినట్టే. తేలు కుట్టిన దొంగలా, పళ్ళికిలించి నవ్వుతూ రెండు చేతులెత్తి నాకు మొక్కింది. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నాకు కడుపు చల్లగా ఉంటుంది. పాపం అనిపించలేదా అని అడక్కండి... అనిపించలేదు. ఇప్పటికీ అనిపించదు.

మర్నాడు పొద్దున్నే సరోజక్క బిడ్డను ఎత్తుకుని వచ్చింది. "అక్కా, పాపకు రోంత నీళ్ళు పోస్తావా?" అనింది తల వంచుకుని. అమ్మ కాళ్ళు చాపుకుని కూర్చుని, చేతులు చాపింది.

ఇప్పుడు పక్కింట్లో తాళంచెవి ఇచ్చేవాళ్ళు లేరు. మూతలెత్తి చూసేవాళ్ళు మాత్రం ఉన్నారు... ఫోన్లో కూర్చుని ఎవరు ఎక్కడికెళ్ళారు, ఎవరి పక్కన నిలబడ్డారు అని చూస్తూనే ఉంటారు. వేషం కట్టుకుని ఎవరి వాకిట్లో నిలబడి అరవాలి చెప్పండి?

కోమలత్త ఎప్పుడో పోయింది. మొన్న మా అమ్మ కూడా వెళ్ళిపోయింది. ఆ పెట్టె ఇప్పుడు నా దగ్గరుంది. జాతర అయ్యాక నాయన కొత్త అట్లకాడ తెచ్చాడు కాబట్టి, పాతది ఏ పాత సామాన్ల వాడికో వేసేసి ఉంటారనుకున్నాను. పెట్టె విప్పి చూస్తే లోపలే ఉంది... మా అన్న ఉగ్గుగిన్నె పక్కన, వంగిన కొనతో, నూనె రాసి, గుడ్డలో చుట్టి.

మీ వీధిలో కోమలత్త ఎవరో నాకు చెప్పొద్దు. మీ అమ్మ పైకి అనలేక దాచుకున్న తిట్టు ఒకటుంటుంది... అది కింద కామెంట్లో రాయండి.