అడవిలో కాలు కట్టిన ప్రవళిక

ఎల్లేష్‌ది ఆలంపూర్ దగ్గర మగ్గం నేసే ఇల్లు. అతనికి మాత్రం చిన్నప్పటి నుంచీ పరుగంటే ప్రాణం. ఆ పరుగే అతన్ని కేంద్ర బలగాల్లో జవానును చేసింది.

మూడేళ్ల కిందట, రాష్ట్రం అవతలి అడవిలో, గుట్ట మీదున్న ఒక మావోయిస్టు దళ నాయకుడి స్థావరం మీదికి పొద్దు పొడవగానే వెళ్లిన వాళ్లలో అతనూ ఉన్నాడు. గంటసేపు కాల్పులు జరిగాయి. నాయకుడు చనిపోయాడు, స్థావరం చేతికొచ్చింది. పారిపోతున్న వాళ్ల వెంట దిగువకు పరిగెత్తిన ఎల్లేష్ కాలి కింద మందుపాతర పేలింది. వెంట వచ్చిన ఇద్దరు అక్కడికక్కడే ప్రాణాలు వదిలారు. ఎల్లేష్ మాత్రం ఎగిరి వాగులో పడ్డాడు. ఎడమ కాలు మోకాలి కింద నుజ్జయిపోయింది. గుట్ట మీదున్న మిగతా జవాన్లకు అతను కనిపించలేదు.

బండ చాటున దాక్కున్న దళం పిల్ల ఒకతె అతని వైపు పాకుతూ వచ్చింది. ఇరవై ఏళ్లు కూడా ఉండవు. తుపాకి అందుకుందామంటే ఎల్లేష్‌కు చెయ్యి లేవలేదు. నొప్పికి అమ్మా అని మూలిగాడు. తెలుగు మాట చెవిన పడగానే ఆ పిల్ల ఆగింది.

"నాది హాలియా దిక్కన్నా. పేరు ప్రవళిక. దళంల దెబ్బలకు మందు నేనే పెడ్త. జర ఓర్చుకో" అంది.

తన చున్నీ మోకాలి పైన చుట్టి, నెత్తురు ఆగేలా పుల్ల దూర్చి బిగించి పట్టుకుంది. వాగు దాటితే తప్పించుకునేదానివి కదా అని అతనడిగాడు.

"నేను వదిలితే నువ్వుండవు" అందామె.

మధ్యాహ్నానికి జవాన్లు వెతుక్కుంటూ వచ్చేదాకా ఆ పట్టు వదల్లేదు. వాళ్లు తుపాకులెత్తితే ఎల్లేష్ కష్టం మీద చెయ్యెత్తి ఆమెకు అడ్డం పెట్టాడు.

కాలు పోయింది, ప్రాణం దక్కింది. ప్రవళిక మీద కేసు నడిచినప్పుడు చాలామంది వద్దన్నా, అతను పెట్టుడు కాలుతో కోర్టుకు వెళ్లి జరిగింది జరిగినట్టు చెప్పాడు. చనిపోయిన ఇద్దరి పేర్లూ చెప్పాడు.

బెయిలు మీద బయటికొచ్చాక ప్రవళిక ఒకరోజు వాళ్లింటికి వచ్చింది. ఎల్లేష్ తల్లి హనుమమ్మ ఆమెను కూర్చోబెట్టి జొన్నరొట్టె, పప్పు పెట్టింది. ప్రవళిక ముద్ద ముట్టలేదు.

"ఆ మందుపాతర మావోళ్లు పెట్టిందే గదమ్మా" అంది తలవంచుకుని.

"ఎరుకే బిడ్డా. గని నా కొడుకు నా ముందట తిరుగుతుండంటే నీ చలవనే. తిను" అంది హనుమమ్మ.

ప్రవళిక ఏడుస్తూనే తింది. ఆ సాయంత్రం ఆమెను బస్సెక్కించడానికి ఎల్లేష్ స్టాండు దాకా నడిచే వెళ్లాడు.