కౌసల్యమ్మ తెల్లబూట్లు

కాలు కాలిన సంగతి కౌసల్యమ్మకు రెండు రోజుల దాక తెల్వలేదు.

తొంబై మూడు ఎండకాలం అది. సిద్దిపేట బజార్ల స్టీలు సామాన్ల దుకాణం నడిపే రామచందర్ భార్య ఆమె. అప్పటికి యాభై ఒక్కటి నిండినయి. మిరపకాయలు ఎండబోద్దామని మిట్టమధ్యాన్నం వట్టికాళ్లతోని బంగ్లా మీదికెక్కి, కాలుతున్న గచ్చు మీద అరగంట సేపు అటూ ఇటూ తిరిగింది. దిగొచ్చి అన్నం తిన్నది, గిన్నెలు తోమింది, పండుకున్నది. నొప్పన్నదే లేదు. ఐతారం నాడు బెజ్జంకిల పంతులమ్మగ పనిచేసే బిడ్డ స్వరాజ్యలక్ష్మి ఇంటికొచ్చింది. తల్లి కాళ్లు చాపుకొని కూసుంటే చూసి బెదిరిపోయింది. ఎడమ అరికాలు కింద పెద్ద బొబ్బ లేచి, చితికి, చుట్టూ తోలు ఊడొస్తున్నది.

"అమ్మా, గింత కాలితె నీకు తెల్వలేదా?"

"తెలిస్తె చెప్పకపోదునా బిడ్డా!"

చంద్రశేఖర్ డాక్టరు ఆమెను కండ్లు మూసుకొమ్మని, గుండుసూది మొనతోని అరికాలును మెల్లగ అక్కడక్కడ తాకిండు. ఎక్కడ తాకితె అక్కడ చెప్పమన్నడు. కౌసల్యమ్మ కాసేపు ఓపిక పట్టి, "ఇంకా మొదలువెట్టలేదా సార్?" అని అడిగింది. డాక్టరు సూదిని పక్కన పెట్టిండు. ఆరేండ్ల షుగరు కాళ్ల నరాలను పాడుచేసిందని అప్పుడు చెప్పిండు.

రెండు నెలలు కట్లు కట్టించుకుంటే పుండు మానింది. ఆఖరు కట్టు విప్పిన రోజు డాక్టరు భార్యాభర్తలిద్దరినీ ఎదురుగ కూసోబెట్టుకున్నడు.

"ఇగ ఇంట్ల గూడ వట్టికాళ్లతోని తిరుగొద్దు. బయటికి పోతే చెప్పులు వద్దు. రాయి దూరినా, ముల్లు దిగినా మీకు తెల్వది. మెత్తటి బట్టబూట్లు, నూలు సాక్సులు ఏసుకోండి. రోజూ పొద్దున నలభై నిమిషాలు నడవాలె. ఇంకోసారి పుండు పడితె వేళ్లు మిగులుతయని నేను చెప్పలేను."

రిక్షాల ఇంటికి వచ్చేటప్పుడు రామచందర్ ఒక్కటే మాట అన్నడు. "చీర మీద బూట్లా?"

మర్నాడు సాయంత్రం దుకాణం నుంచి వచ్చి ఒక పొట్లం చేతిల పెట్టిండు. "బూట్ల షాపుల అడిగిన. ఆడోళ్ల సైజు లేదంట. ఇయి ఏసుకో." ముందర మూసి ఉండే నల్లటి ప్లాస్టిక్ చెప్పులు అవి. కౌసల్యమ్మ ఇంట్లనే నాలుగడుగులు ఏసి చూసుకున్నది. విప్పి చూస్తె మడమ కాడ ఎర్రగ గీసుకపోయి ఉన్నది. ఆమెకైతే ఏం తెల్వలేదు. ఆ చెప్పులను మల్ల పొట్లంల చుట్టి పెట్టింది.

కౌసల్యమ్మ మొండిమనిషి. గొంతు పెంచి ఎవలతోనీ మాట్లాడేది కాదు. అట్లని అనుకున్న పని విడిచిపెట్టేది గూడ కాదు. పెండ్లయిన కొత్తల ఆమెకు చదువు రాదు. దుకాణంల సరుకు మీద రాసిన పేర్లు చదువాలని, వంట చేసుకుంటనే గోడ మీద బొగ్గుతోని అక్షరాలు దిద్దుకున్నది. అత్త తిట్టినా వినలేదు. తడి తగిలి మరకలు పడ్డ గిన్నెలను ఎవలూ కొనరని భర్త మూలకు పడేస్తే, వాటిని ఇంటికి తెప్పించి, చింతపండు పిప్పితోని, బూడిదతోని రుద్ది రుద్ది మల్ల దుకాణానికి ఎక్కించింది. 

ఇప్పుడు ఆమెకు యాదికొచ్చినయి బిడ్డ బూట్లు. స్వరాజ్యలక్ష్మి కాలేజీల పరుగుపందేలు ఉరికేది. తెల్ల కాన్వాస్ బూట్లు ఉండేవి. నాలుగేండ్ల కింద ఆఖరు పందెం ఉరికి, బురదతోని ఇంటికొచ్చిన రోజు, "పెండ్లి కావాల్సిన పిల్లవు, ఇగ చాలు" అని ఆ బూట్లను తడి తడిగనే సంచిల కుక్కి అటక మీదికి ఇసిరేసింది కౌసల్యమ్మనే. బిడ్డ ఆ పొద్దు అన్నం తినలేదు.

స్టూలు ఏసుకొని సంచి దించింది. బూట్లు బయటికి తీసి చూస్తే పసుపునీళ్లల్ల నానబెట్టినట్టు ఉన్నయి. లేసులు దూర్చే రంధ్రాల చుట్టూ తుప్పు. ముందర వేళ్ల కాడ బురద మరకలు. రబ్బరు అంచు బూడిదరంగుకు తిరిగింది. ముక్కిన వాసన. అయితే కుట్టు ఎక్కడా ఊడలేదు, అడుగు అరగలేదు. కాలు పెట్టి చూసుకుంటే వేళ్ల ముందర జర జాగ మిగిలింది.

"గీ పచ్చబూట్లు ఏసుకొని బజార్ల నడుస్తవా? నలుగురు నవ్వరా?" అన్నడు రామచందర్.

"నవ్వితె నా బూట్లను చూసి నవ్వనియ్యండి. మురికిని చూసి మాత్రం నవ్వనియ్య," అన్నది కౌసల్యమ్మ.

ముందుగాల బావిల ఏసేటందుకు తెచ్చిపెట్టిన బ్లీచింగ్ పొడిని బకెట్ల కలిపి, బూట్లను ఒక రోజంతా నానబెట్టింది. తీసి బంగ్లా మీద ఎండల పెట్టింది. ఈసారి చెప్పులు ఏసుకొనే ఎక్కింది. సాయంత్రం పోయి చూస్తే పసుపు పోలేదు సరికదా, ఇంకింత ముదిరింది. మర్నాడు బట్టల సబ్బు తీసుకొని, కొబ్బరిపీచుతోని చేతులు నొచ్చేదాక రుద్దింది. తడిగ ఉన్నంతసేపు తెల్లగనే కనవడ్డయి. ఎండినంక గోడకు చెమ్మ దిగినట్టు పచ్చటి చారలు పైకి తేలినయి. మల్ల సబ్బు పెట్టింది. మల్ల చారలే. ఒక వారంల నాలుగుసార్లు ఉతికింది.

"పారెయ్యరాదు?" అన్నడు భర్త.

"ఎందుకు పచ్చవడుతున్నయో తెలువకుండ పారెయ్య."

ఆలోచన చేసుకుంట కూసుంటే దవాఖాన మతికొచ్చింది. సర్కారు దవాఖాన ఎనక తీగల మీద ఎప్పుడూ దుప్పట్లు ఆరేసి ఉంటయి. నెత్తురు మరకలు, మందుల మరకలు పడ్డ దుప్పట్లు గంత తెల్లగ ఎట్లయితున్నయి? ఉతికెటాయన ఉంటడు కద. మర్నాడు పొద్దున బూట్లను చేతిసంచిల ఏసుకొని రిక్షా పిలిచింది.

అక్కడ ఉతికే మనిషి యోబు. అరవైకి దగ్గర. ఇరువై ఎనిమిదేండ్ల సంది అదే పని. సావుకారింటి ఆమె సంచిల నుంచి బూట్లు తీసి సిమెంటు గద్దె మీద పెట్టేసరికి మొదలు నవ్విండు. తర్వాత బూటును చేతిలకు తీసుకొని, అంచు కాడ నాలుక మొన ఆనించి చూసిండు. కౌసల్యమ్మ నోరెళ్లబెట్టింది.

"ఇంకా సబ్బు ఉన్నదమ్మా దీన్ల," అన్నడు యోబు. "మీరు మురికిని తీసిన్రు. సబ్బును తియ్యలే. బ్లీచింగు గూడ ఏసిన్రా?"

"ఏసిన."

"అది బట్టల నిలిచినా పచ్చగైతది, సబ్బు నిలిచినా పచ్చగైతది. మీదికెల్లి ఎండ. లోపల ఉన్నదంత నీళ్లతోని పైకొచ్చి అంచులల్ల నిలుస్తది. గవే మీ చారలు."

"మరేం చెయ్యాలె యోబన్నా?"

"లేసులు తీసెయ్యిన్రి. లోపలి అట్ట తీసెయ్యిన్రి. సబ్బు జర్రంత చాలు, గోరువెచ్చ నీళ్లు, పండ్లు తోముకునే పాత బ్రష్షు. కొబ్బరిపీచు పెడితె బట్ట లేస్తది. ఇగ జాడిచ్చుడే పని. నీళ్లు తాగే నీళ్ల లెక్క అయ్యేదాక జాడియ్యాలె. ఆఖరు నీళ్లల్ల రెండు నిమ్మకాయలు పిండి కాసేపు నానబెట్టి, మల్ల ఒక్క జాడింపు. తడిగ ఉన్నప్పుడే తెల్లటి పల్చటి కాగితం సుట్టూ అంటుకునేటట్టు చుట్టి నీడకు పెట్టున్రి. పసుపంత కాగితం గుంజుకుంటది. అచ్చు కాగితం మాత్రం చుట్టకున్రి, సిరా అంటుతది."

"సుద్ద పూస్తె తొందరగ తెల్లగైతయని మా పక్కింటామె చెప్పింది."

"అది కప్పిపెట్టుడమ్మా. చెమట తగిలితె మల్ల బయటపడ్తది."

కౌసల్యమ్మ ఇంటికొచ్చి, ఆ మాటలను ఒక కాగితం మీద రాసుకున్నది. మర్నాడు పొద్దున వంట ముగించి బావికాడ కూసున్నది. ఎండిన బురదను ముందుగాల దులిపింది. తుప్పు పట్టిన రంధ్రాలకు ఉప్పు, నిమ్మరసం అద్ది కాసేపు ఉంచి, బ్రష్షుతోని చిన్నగ తిప్పింది. రబ్బరు అంచును పండ్లపొడితోని రుద్దింది. ఆ తర్వాత జాడించుడు. ఒక బకెట్, రెండు, అయిదు. ప్రతి బకెట్ నీళ్లను గాజుగ్లాసుల పట్టి ఎల్తురుకు ఎత్తి చూసింది. తొమ్మిదో బకెట్ కాడ గ్లాసుల నీళ్లు తేటగ కనవడ్డయి. యోబు లెక్కనే నాలుక మొన గూడ ఆనించి చూసుకున్నది, ఎవలన్న చూస్తున్నరేమోనని ఇటూ అటూ చూసి.

చుట్టేటందుకు తెల్లకాగితం ఇంట్ల లేదు. భర్తకు దుకాణానికి కబురు పెట్టింది. కాసేపటికి రామచందరే వచ్చిండు. పక్క బట్టలషాపుల చీరల మడతల మధ్య పెట్టే పల్చటి కాగితాలు ఒక కట్ట ఉన్నది చేతిల. బావిగద్దె మీద పెట్టి, ఎందుకని అడగకుండ ఎల్లిపోయిండు.

రెండు రోజులు వంటింటి నీడల ఉన్నయి. మూడోనాడు కాగితం విప్పింది. కాగితం నిండ పచ్చటి మరకలు. లోపల బూట్లు తెల్లగ ఉన్నయి. కొత్తవి కొనుక్కొచ్చినంత తెలుపు కాదు. ఎడమ బూటు మడమ కాడ ఒక మచ్చ అట్లనే నిలిచింది. బ్లీచింగు తిన్నకాడ బట్ట పల్చవడ్డది. కౌసల్యమ్మ అక్కడ లోపలివైపు మెత్తటి గుడ్డపేలిక ఏసి కుట్టింది. పాత రగ్గును కత్తిరించి కొత్త అట్టలు చేసింది. డాక్టరు కాడికి పోయి తొడిగి చూపిస్తే ఆయన వేళ్ల ముందర బొటనవేలితోని నొక్కి చూసి, "సరిపోయినయి. ఏసుకునేముందు లోపల చెయ్యి పెట్టి చూసుకోండి, రోజూ," అన్నడు.

సోమారం పొద్దున ఆరుగంటలకు ఆమె నేతచీర కొంగు నడుముకు దోపి, బూట్లతోని గడప దాటింది. హైస్కూలు మైదానం దాక పోవాలె. నల్లాకాడ బిందెలు పట్టుకున్న ఆడోళ్లు ముందు నోరుమూసుకొని చూసిన్రు, ఆ తర్వాత ఒకామె "పోలీసమ్మ వస్తుంది, తొవ్వ ఇయ్యున్రే!" అన్నది. అందరు ఇరగబడి నవ్విన్రు. కౌసల్యమ్మకు ఎనక్కి మర్లి ఇంట్లకు పోబుద్ధయింది. కాలు కింద నేల ఎట్లుందో తెలిసేది కాదు కాబట్టి కండ్లు నేల మీద పెట్టుకొని నడువాల్సి వచ్చేది. ఆ పొద్దు అదే మేలైంది. ఎవల మొఖమూ చూడలేదు. మైదానం చుట్టూ మూడు సుట్లు తిరిగి, అదే నల్లాకాడికెల్లి ఇంటికొచ్చింది. మంగళారం నవ్వు తగ్గింది. వారానికి వాళ్ల ముచ్చట్లల్ల వాళ్లు ఉన్నరు.

మైదానం ఎర్రమట్టి. నాలుగు రోజులకే బూట్లు ఎర్రవడేవి. ప్రతి ఐతారం ఆమె బావికాడ కూసునేది. ఒక ఐతారం రామచందర్ నీళ్లు చేదుకుంట నిలవడి, ఉన్నట్టుండి అన్నడు.

"ఆ రోజు నేను బూట్ల షాపుల అడగలే."

కౌసల్యమ్మ బ్రష్షు ఆపింది.

"గుమ్మం దాక పోయిన. లోపల నాకు తెలిసినోళ్లు ఇద్దరు కూసున్నరు. ఎవలికి అని అడిగితె ఏం చెప్పాలని మర్లొచ్చిన. సైజు లేదని నీకు అబద్ధం చెప్పిన."

ఆమె బూటును బకెట్ల ముంచి తీసింది.

"నా వేళ్లు పోతుండెనేమో," అన్నది ఆఖరుకు.

"పోతుండె," అన్నడు రామచందర్. ఇంకో బకెట్ చేది ఆమె ముందర పెట్టిండు. ఆ తర్వాత ప్రతి ఐతారం నీళ్లు ఆయనే చేదిండు.

స్వరాజ్యలక్ష్మి సెలవులకు వచ్చినప్పుడు గోడకు ఆనించి ఉన్న బూట్లను గుర్తువట్టింది. చేతిలకు తీసుకొని కుట్టు చూసింది, అట్టలు చూసింది. తల్లి పొయ్యికాడికెల్లి తిరుగకుండనే, "నీ కాడ గుంజుకున్నయి బిడ్డా, తప్పు చేసిన," అన్నది. బిడ్డ వచ్చి తల్లి పక్కన కూసున్నది. మర్నాడు పొద్దున ఇద్దరు కలిసి మైదానానికి పోయిన్రు. బిడ్డ చెప్పులు విడిచి ఒక్క సుట్టు ఉరికింది. కౌసల్యమ్మ నిలవడి చూసింది.

పక్కింటి సుశీలమ్మ ఒకసారి వచ్చింది. ఆమెకూ షుగరున్నది, నడక సంగతి అడుగుతదనుకున్నది కౌసల్యమ్మ. "మా పిల్లగాని బడి బూట్లు పచ్చగైనయి, జర చెప్పరాదు?" అన్నది సుశీలమ్మ. కౌసల్యమ్మ రాసిపెట్టుకున్న కాగితం తెచ్చి ఇచ్చింది. నడక ముచ్చట గూడ చెప్పింది. బూట్లయితే తెల్లగైనయి గని, సుశీలమ్మ నడకకు మాత్రం ఎన్నడూ రాలేదు.

ఆ మరుసటేడు చలికాలంల భార్యాభర్తలు వర్గల్ సరస్వతమ్మ గుడికి పోయిన్రు. బస్సు దిగి గుట్టెక్కిన్రు. గుడి ముందర చెప్పుల కుప్పలు. కౌసల్యమ్మ బూట్లు విప్పి, డాక్టరు చెప్పినట్టు మందపు సాక్సులతోని నిలవడి, ఎక్కడ పెట్టాలా అని చూస్తున్నది.

"ఎవలన్న ఎత్తుకపోతరు," అన్నడు రామచందర్. "నువ్వు దర్శనం చేసుకొని రాపో. నువ్వొచ్చినంక నేను పోత."

చాంతాడంత లైను ఉండె. ఆమె వచ్చేసరికి గంట దాటింది. రామచందర్ మెట్టు పక్కన బండ మీద కూసున్నడు. రెండు తెల్లబూట్లు ఒళ్లె పెట్టుకొని, రుమాలుతోని అంచు మీది దుమ్ము తుడుస్తున్నడు. వచ్చేపొయ్యే జనం చూసుకుంట పోతున్నరు. కౌసల్యమ్మ పక్కన కూసున్నది. ఆయన ఒక్కొక్క బూటు లోపల చెయ్యి పెట్టి, రాయిగిట్ట ఉన్నదేమో తడిమి చూసి, ఆమెకు అందించిండు.